కంప అడవిలో మాటు, మంచె: దక్షిణ టెక్సాస్‌లో విల్లుతో జింక వేట

సాన్ ఆంటోనియో నుంచి ఇంటర్‌స్టేట్ 35 పట్టుకుని లారెడో వైపు గంటన్నర పోతే చెట్లు పొట్టివైపోతాయి. కొటుల్లా దాటేసరికి రోడ్డుకు రెండు పక్కలా ముళ్ల కంప తప్ప ఇంకేమీ కనపడదు. కొన్నిచోట్ల నడుమెత్తు, కొన్నిచోట్ల రెండు నిలువులు. మొదటిసారి చూసినప్పుడు అనంతపురం పక్క మా మేనమామ చేను గట్టు మీద నిలబడ్డట్టే ఉంది నాకు. నిజానికి అది ఊరికే అనిపించడం కాదు. ఇక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. పసుపు పూలు పూసే వీసాచే మన కస్తూరి తుమ్మే. నాగజెముడు సంగతి చెప్పక్కర్లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చినవే. నేను వాటి పుట్టింటికి వచ్చానన్నమాట.

ఈ ప్రాంతాన్ని బ్రష్ కంట్రీ అంటారు. విల్లుతో తెల్లతోక జింకను వేటాడాలంటే ఇక్కడ ఒక చిక్కుంది. అమెరికాలో విల్లువేట గురించి చెప్పేవాళ్లు ఎక్కువమంది ఇరవై అడుగుల ఎత్తున చెట్టుకు కట్టుకునే స్టాండు గురించే చెప్తారు. ఇక్కడ అంత ఎత్తు చెట్టే దొరకదు. జింక కళ్ల ఎత్తులో మాటు వేసుకోవాలి, లేదా దానికి కాస్త పైన పొట్టి మంచె మీద కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు గురి ఎంత బాగున్నా రెండు విషయాల్లో తప్పు చేస్తే పని అయిపోయినట్టే. ఒకటి, ఏ గాలికి ఎక్కడ కూర్చున్నారన్నది. రెండు, విల్లు ఎప్పుడు లాగారన్నది. అందుకే ఈ మార్గదర్శిలో ఆ రెండింటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇదంతా టెక్సాస్‌లో లైసెన్సు తీసుకుని చేసే వేట గురించి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం, జైలు శిక్ష పడుతుంది. ఊరికి సెలవులకు వెళ్లినప్పుడు ఈ ముచ్చట్లు మాటల వరకే ఉంచుకోండి. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. రెండూ టెక్సాస్ రాంచ్‌లలో (పెద్ద పశువుల క్షేత్రాల్లో) విదేశీ జంతువులుగా పెరుగుతున్నాయి, వాటి వేటకు సీజన్ అడ్డు కూడా లేదు. కింగ్ రాంచ్ వైపు పోతే మన నీల్‌గాయ్ మందలు కూడా కనపడతాయి.

ముందు కాగితాలు

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేసుకోవచ్చు. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా స్థిరంగా ఉంటే రెసిడెంట్ లైసెన్సు వస్తుంది. విల్లుకే కేటాయించిన సీజన్‌లో జింకను వేటాడాలంటే దానికి తోడు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లువేటకు అదనపు అనుమతి) కూడా కొనాలి. లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో గడువు అయిపోతుంది కాబట్టి జులైలో కొనకండి.

వీసా మీద ఉన్న మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటి. తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం విషయంలో వాళ్లకు ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. విల్లు ఫైర్‌ఆర్మ్ కిందికి రాదు. మా గుంపులో నలుగురైదుగురు విల్లు వైపు రావడానికి అసలు కారణం అదే.

విల్లు సీజన్ సెప్టెంబర్ చివరి వారం లేదా అక్టోబర్ మొదటి వారం దరిదాపుల్లో మొదలై, నవంబర్‌లో తుపాకీ సీజన్ మొదలయ్యేదాకా ఉంటుంది. దక్షిణ మండలంలో తుపాకీ సీజన్ జనవరి మూడో వారం దాకా నడుస్తుంది, ఆ రోజుల్లో కూడా విల్లు వాడుకోవచ్చు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే బాణం వేయాలి. మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అన్నది కౌంటీని బట్టి మారుతుంది. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఏటా విడుదల చేసే నిబంధనల్లో మీ కౌంటీ పేరు తీసి చదువుకోండి. పక్కవాడి మాట మీద పోవద్దు.

భూమి సంగతి. టెక్సాస్‌లో 95 శాతం దాకా భూమి ప్రైవేటుదే. రాంచ్ యజమాని దగ్గర ఏడాదికి లీజు తీసుకోవడమో, రెండు మూడు రోజులకు డబ్బు కట్టి వెళ్లడమో మామూలు. అది భారమనుకుంటే కొటుల్లాకు పడమర, డిమిట్, లా సాల్ కౌంటీల్లో పరుచుకుని ఉన్న చాపరాల్ ప్రభుత్వ వన్యప్రాణి క్షేత్రంలో లాటరీ పద్ధతిలో అవకాశాలిస్తారు. కంచె స్తంభాల మీద, చెట్ల మీద ఊదారంగు పెయింటు గీత కనపడితే అది అలంకారం కాదు. లోపలికి రావద్దని టెక్సాస్ చట్టం గుర్తించిన హెచ్చరిక.

విల్లు, బాణం

ఇక్కడ ఎక్కువసేపు ఆగను, ఆర్చరీ షాపులో మీ చేతి పొడవు కొలిచి సరిపడేది ఇస్తారు. మాటుకు సంబంధించి రెండే చెప్తాను. మొదటిది, పొట్టి విల్లు తీసుకోండి. ఒక చక్రం ఇరుసు నుంచి ఇంకో చక్రం ఇరుసుకు 30 నుంచి 32 అంగుళాలున్న కాంపౌండ్ విల్లు (రెండు కొసలా చక్రాలుండే విల్లు) గుడారం కప్పుకు, స్టూలుకు తగలకుండా తిరుగుతుంది. రెండోది, నారి లాగే బరువు విషయంలో పౌరుషం వద్దు. స్టూలు మీద కూర్చుని, విల్లును ఆకాశం వైపు ఎత్తకుండా, జింక వైపే చూపిస్తూ మెల్లగా లాగగలిగినంత బరువే మీ బరువు. నేను 65 పౌండ్లతో మొదలుపెట్టి 55కు దిగాను. జింకకు ఆ తేడా తెలియలేదు, నా భుజానికి తెలిసింది.

బాణం మొత్తం బరువు 400 నుంచి 500 గ్రెయిన్ల (సుమారు 26 నుంచి 32 గ్రాముల) మధ్య ఉంటే చప్పుడు తక్కువ, దిగబాటు ఎక్కువ. కొన బ్లేడు కనీసం 7/8 అంగుళం వెడల్పు ఉండాలని టెక్సాస్ నిబంధన. బ్లేడు మీద వేలిగోరు ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. అంత పదును లేకపోతే మార్చేయండి.

చోటు: గాలి చెప్పినట్టు వినాలి

జింక మనల్ని చూసినా ఒక్కోసారి నమ్మదు, మెడ చాచి, కాలు నేలకేసి కొట్టి ఇంకా చూస్తుంది. విన్నా ఒక్కోసారి ఆగుతుంది. వాసన పసిగడితే మాత్రం ఆగేది లేదు. అందుకని చోటు వెతకడం మొదలయ్యేది గాలితోనే.

దక్షిణ టెక్సాస్‌లో ఎక్కువ రోజులు గాలి గల్ఫ్ సముద్రం నుంచి, అంటే ఆగ్నేయం నుంచి వీస్తుంది. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలి దిగినప్పుడు గంటలోనే దిశ తిరిగిపోతుంది. దీన్ని ఇక్కడివాళ్లు నార్దర్ అంటారు. ఆ గాలి ఒకటి రెండు రోజులుండి మళ్లీ ఆగ్నేయానికి మళ్లుతుంది. కాబట్టి ఒక్క మాటు సరిపోదు, రెండు కావాలి. ఆగ్నేయపు గాలికి ఒకటి: జింక వస్తుందనుకున్న చోటుకు మీరు వాయవ్యంగా కూర్చోవాలి. ఇది సాయంత్రానికి బాగుంటుంది, దిగిపోయే సూర్యుడు మీ వీపు వైపు ఉంటాడు, జింక కళ్లలో పడతాడు. పొద్దున అదే చోట కూర్చుంటే ఎండ మీ ముఖం మీదే కొడుతుంది. ఉత్తరపు గాలికి ఇంకొకటి: జింక దారికి దక్షిణంగా. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి అక్కడ పొద్దున్నా సాయంత్రమైనా ఇబ్బంది లేదు. రెండో మాటు లేకపోతే, గాలి తిరిగిన రోజు ఇంట్లో పడుకోవడం మేలు. నేను ఒక ఏడాది ‘ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా’ అని తప్పుడు గాలికి మూడు సాయంత్రాలు అదే మాటులో కూర్చున్నాను. ఆ దారిన జింక రావడం మళ్లీ నెల తర్వాతే.

ముదురు మగజింక ఇంకో మెలిక పెడుతుంది. నేరుగా రాదు. తిండి ఉన్న చోటుకు గాలి దిగువకు వెళ్లి, ముక్కెత్తి చూసుకుని, అప్పుడు వస్తుంది. గాలి జింక నుంచి నేరుగా మీ ముఖానికి వచ్చేలా కూర్చుంటే అది చుట్టి వచ్చేది మీ వెనక్కే. గాలి మీ చెంపకు తగిలేలా, దాని దారికి అడ్డంగా వీచేలా కూర్చుంటే మీ వాసన దాని దారిలో పడకముందే అది మీకు అందుబాటులోకి వస్తుంది. చిన్న డబ్బాలో టాల్కం పౌడరు పెట్టుకుని అప్పుడప్పుడు పిచికారీ చేసి చూడండి. వాసన రాని సబ్బులు, స్ప్రేలు బోలెడు అమ్ముతారు. వాడితే నష్టం లేదు, కానీ గాలి తప్పినప్పుడు అవేవీ కాపాడవు. ముందురోజు రాత్రి వెల్లుల్లి కారంతో తిన్నా సరే, గాలి సరిగ్గా ఉంటే చాలు.

ఇక జింక ఎక్కడికి వస్తుంది? కంపలో బుల్డోజరుతో తీసిన పొడవాటి దారులను సెండేరో అంటారు. పైప్‌లైన్ల కోసం చేసిన దారులు కూడా అలాంటివే. తుపాకీవాడు సెండేరో మధ్యలోకి చూస్తూ కూర్చుంటాడు. విల్లు పట్టినవాడికి ఆ విశాలం పనికిరాదు. సెండేరోను జింక దాటే చోటు కావాలి. మెత్తటి మట్టిలో గిట్టల గుర్తులు ఒకే చోట గుమిగూడి, రెండు పక్కలా కంపలో సొరంగంలా దారి తెరుచుకుని ఉంటే అదే.

టెక్సాస్ ప్రైవేటు భూముల్లో మొక్కజొన్న వేసి జింకలను రప్పించడం చట్టబద్ధమే. గడియారం పెట్టిన ఫీడరు పొద్దున, సాయంత్రం గింజలు చిమ్ముతుంది. కొత్తవాళ్లు ఫీడరుకు 20 గజాల్లో మాటు వేసుకుని ఆడజింకతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నాకు మాత్రం ఫీడరుకు నూరు, నూటయాభై గజాల వెనక, దట్టమైన కంప వైపు వెళ్లే దారి ఇష్టం. ఫీడరు దగ్గర జింకలు స్ప్రింగులా బిగుసుకుని ఉంటాయి. కంప దారిలో తీరిగ్గా నడుస్తాయి. గ్రన్హేనో, గ్వాహియో పొదల లేత చివుళ్లు కొరికిన చోట్లు గమనించండి, ఈ రెండూ ఇక్కడి జింకలకు ముఖ్యమైన మేత.

వాన లేని ఏడాది నీళ్ల దగ్గర కూడా కూర్చోవచ్చు. పశువుల కోసం తవ్విన కుంటను ఇక్కడివాళ్లు ట్యాంక్ అంటారు. ‘ట్యాంక్ పక్కన మాటు వేసుకో’ అని రాంచ్ పెద్దాయన చెప్పినప్పుడు నేను ఇనుప నీళ్ల ట్యాంకు కోసం గంటసేపు వెతికాను. హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద తిరిగినవాడికి కూడా అది వెలగలేదు.

మాటు గుడారం వేయడం

గొడుగులా విప్పే హబ్ గుడారం ఈ నేలకు బాగా కుదురుతుంది. కనీసం అయిదడుగుల వెడల్పు, ఆరడుగులకు దగ్గరగా ఎత్తు ఉన్నది తీసుకోండి.

సీజన్‌కు రెండు మూడు వారాల ముందే వేసేయండి. నిన్న లేని నల్లటి ముద్ద ఇవాళ దారి పక్కన కనిపిస్తే జింక పది రోజులు చుట్టు తిరిగి పోతుంది. సెండేరో మధ్యలో వద్దు. కంప అంచున ఒక పొద సందు చూసి, గుడారం మూడొంతులు అందులోకి జరిగేలా వేయండి. వెనక కంప ఉండి తీరాలి. తర్వాత మెస్కీట్, గ్రన్హేనో కొమ్మలు నరికి గుడారానికి ఆనించండి, నరికేముందు యజమానిని అడగండి. అందరూ గోడలకు కొమ్మలు పెట్టి కప్పును మరిచిపోతారు. ప్రకృతిలో తిన్నని గీత ఉండదు, జింక కంటికి ముందు పట్టుబడేది కప్పు అంచే. అక్కడ ఎక్కువ కొమ్మలు వేయండి. తోలు చేతితొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, ఈ ముళ్లు ఏటీవీ టైర్లలోనే దిగిపోతాయి.

నేల సున్నపురాయి గుల్ల, కలీచే అంటారు. గుడారంతో వచ్చే సన్నటి మేకులు అందులో వంగిపోతాయి. రెండడుగుల ఇనుప కమ్మీలు సుత్తితో దిగేసి కట్టండి. నార్దర్ గాలికి ఎగిరిపోయిన గుడారం నాది ఒకటి, రెండు కంచెల అవతల దొరికింది. పశువులు తిరిగే రాంచ్ అయితే చుట్టూ రెండు కంచె పలకలు పెట్టాలి, ఆవులకు వీపు గోక్కోవడానికి గుడారం కంటే మంచి వస్తువు దొరకదు.

లోపల మూడు పనులు. నేల మీద ఆకు, పుల్ల లేకుండా మట్టి కనపడేదాకా ఊడ్చేయండి. కిర్రుమనని స్టూలు పెట్టండి. వెనక, పక్క కిటికీలు పూర్తిగా మూసేసి, ముందు ఒకటో రెండో మాత్రమే తెరవండి. వెనక కిటికీ తెరిచి ఉంటే మీ ఆకారం వెలుతురులో తోలుబొమ్మలా కనిపిస్తుంది. గుడారం లోపల నలుపు కాబట్టి మీ చొక్కా, టోపీ, చేతితొడుగులు కూడా నల్లవే కావాలి. బయట వేసుకునే ఆకుల డిజైను బట్టలు లోపల తెల్లగా మెరుస్తాయి. కిటికీకి ఆనుకోకుండా వీలైనంత వెనక్కి కూర్చోండి.

ఇప్పుడు నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. గురి చూసే కన్ను ఎత్తులో ఉంటుంది, బాణం దానికి మూడు నాలుగు అంగుళాల కింద ఉంటుంది. కిటికీలోంచి జింక నిండుగా కనిపిస్తుంది, గురి కుదురుతుంది, వదిలితే బాణం కిటికీ అడుగు పట్టీకి కొట్టుకుంటుంది. నా మొదటి మగజింక ముందు సరిగ్గా ఇదే జరిగింది. బాణం గుడ్డలో ఇరుక్కుని ఊగుతోంది, జింక ఇరవై గజాల్లో నిలబడి దాన్నే చూస్తోంది. మాటు వేసిన రోజే స్టూలు మీద కూర్చుని, విల్లు లాగి పట్టుకుని, పక్కన ఇంకొకర్ని బాణం కొన కిటికీ అంచుకు ఎంత పైన ఉందో చూడమనండి. కిటికీ వల మీదుగా వేయాలనుకుంటే స్థిరమైన బ్లేడు కొనలే వాడండి. తగిలితే విచ్చుకునే రకం వల దగ్గరే విచ్చుకోవచ్చు.

చీకట్లో లోపలికి అడుగు పెట్టేముందు టార్చి వేసి, కర్రతో స్టూలు కింద, మూలల్లో తట్టి చూడండి. డైమండ్‌బ్యాక్ రాటిల్‌స్నేక్‌కు కూడా మీ గుడారం నీడ నచ్చుతుంది. నవంబర్‌లో కూడా ఇక్కడ మధ్యాహ్నాలు వెచ్చగానే ఉంటాయి కాబట్టి పాములు బయటే తిరుగుతాయి. మోకాళ్ల దాకా పాము గేటర్లు (కోర దిగని కాలి తొడుగులు) కట్టుకోండి. గుడారం అడుగు అంచుల మీద మట్టి కప్పేస్తే సగం చిక్కు తీరుతుంది.

పొట్టి మంచె

కంప మరీ ఎత్తుగా, గుబురుగా ఉంటే నేల మీద కూర్చుంటే ఏమీ కనపడదు. అక్కడ మంచె కావాలి. మన చేలల్లో పిట్టలు తోలే మంచెకు ఇనుప కాళ్లు వస్తే అదే ట్రైపాడ్ స్టాండు. పది నుంచి పన్నెండు అడుగులు చాలు. ముదురు మెస్కీట్ దొరికితే దానికి నిచ్చెన స్టాండు ఆనించుకోవచ్చు.

ట్రైపాడ్‌ను సెండేరో నడుమ నిలబెడితే మీరు ఆకాశం మీద గీసిన బొమ్మలా ఉంటారు. గ్రన్హేనో, బ్రసిల్ లాంటి పొదల గుంపు నడిమధ్య కాళ్లు దించి, సీటు వెనక కొమ్మలు మీ తల ఎత్తుకు వచ్చేలా చూడండి. అక్టోబర్‌లో మెస్కీట్ ఆకులు బాగా కప్పుతాయి. చలి ముదిరితే ఆ ఆకులన్నీ రాలిపోయి డిసెంబర్‌కు మీరు నగ్నంగా మిగులుతారు. పొదను ఎంచేటప్పుడే ఆ సంగతి గుర్తుండాలి.

మూడు కాళ్లను నేలలో దిగేసిన ఇనుప గుంజలకు రాట్చెట్ పట్టీలతో బిగించండి. పది అడుగులే కదా అని భద్రతా కట్టు వదిలేయకండి, విల్లు లాగి పక్కకు వాలినప్పుడు ట్రైపాడ్ తేలిగ్గా పక్కకు ఒరుగుతుంది. శరీరం మొత్తానికి వేసే హార్నెస్ వేసుకోండి. విల్లును చేత్తో పట్టుకుని ఎక్కడం వద్దు. తాడు కట్టి కింద పెట్టి, పైకెక్కి కూర్చున్నాక లాక్కోండి. బాణాలు అమ్ములపొదిలో మూత కింద ఉండాలి.

మంచె మీద నల్లబట్టలు పనికిరావు, బూడిద కలిసిన ఆకుపచ్చ కావాలి. ముఖం, చేతులు కప్పుకోండి.

సాధన: నిలబడి కాదు, కూర్చుని

ఇంటి వెనక నిలబడి తాపీగా వేసిన వంద బాణాలు ఇక్కడ పెద్దగా పనికిరావు. వేటకు వేసుకునే బట్టలతో, అదే స్టూలు మీద, గుడారం లోపల నుంచి, వేట కొనలతో వేయండి. రోజూ పొద్దున లేవగానే ఒక్కటే బాణం వేసి, అది ఎక్కడ తగిలిందో రాసుకోండి. అడవిలో మీకు దొరికేది ఆ మొదటి బాణమే. పది రోజుల్లో పదికి పది పళ్లెమంత వలయంలో పడే దూరం ఏదో అదే మీ హద్దు. నా హద్దు 25 గజాలు. దానికి లెక్క ఉంది.

బాణం సెకనుకు 270 అడుగుల వేగంతో పోతుందనుకుందాం. 20 గజాలు, అంటే 60 అడుగులు చేరడానికి సెకనులో అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ, 0.22 సెకను పడుతుంది. నారి చప్పుడు సెకనుకు 1,100 అడుగులకు పైగా పరిగెత్తి 0.05 సెకనులో జింక చెవిన పడుతుంది. మిగిలిన 0.17 సెకను జింక సొంతం. అదే 30 గజాలైతే పావు సెకను. భయపడిన జింక పరిగెత్తే ముందు కాళ్లు ముడిచి కిందికి కుంగుతుంది, పావు సెకనులో గుండె మీద పెట్టిన గురి వెన్ను మీదుగా పోతుంది. కంప జింకలు ఈ విషయంలో మహా చురుకు. అందుకే నేను చాతీ నడిమిని కాకుండా కింది మూడో వంతును చూస్తాను. కుంగితే ఊపిరితిత్తులు, కుంగకపోతే గుండె.

విల్లు లాగే క్షణం

జింకకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు వెనక దాకా కనిపిస్తుంది. రంగుల కంటే కదలిక దానికి బాగా తెలుస్తుంది. ఎత్తు చెట్టు మీద ఉన్నవాడికి దొరికే వెసులుబాటు నేల మీద మీకు లేదు.

కూర్చోగానే చేయాల్సిన పని: ఎదురుగా ఉన్న గుర్తులకు దూరాలు కొలిచి పెట్టుకోవడం. ఆ నాగజెముడు 18, ఎండిన మొద్దు 22, దారి అవతలి అంచు 27. జింక వచ్చాక రేంజ్‌ఫైండర్ ఎత్తడం అంటే ఒక కదలిక అనవసరంగా ఖర్చు పెట్టడమే.

జింక కనపడగానే లాగకండి. చాలామంది చేసే తప్పు ఇదే. లాగి పట్టుకుంటారు, అది పొద వెనక ఆగిపోతుంది, నిమిషం గడుస్తుంది, చేయి వణుకుతుంది, వదలక తప్పక నారి వెనక్కి దించుతారు, ఆ కదలికకు జింక ఉడాయిస్తుంది. ముందు విల్లును నిలువుగా తొడ మీద సిద్ధంగా పెట్టుకోండి. జింక నడిచే దారిలో దాని తల ఏ పొద వెనక్కి పోతుందో ముందే చూసి పెట్టుకోండి. తల పొద వెనక మాయమైన ఆ ఒకటి రెండు సెకన్లే మీవి. గుంపుగా వస్తే మీ చూపు మగదాని మీద కాకుండా చివర నిలబడ్డ ముసలి ఆడజింక మీద ఉండాలి. కాపలా దానిదే. అది తల దించి తింటున్నప్పుడో, తోక అటూ ఇటూ ఆడించి ముందుకు నడిచినప్పుడో లాగండి. అది తల దించినట్టు నటించి చప్పున ఎత్తుతుంది, రెండోసారి దించేదాకా ఆగండి.

లాగాక గట్టిగా అరచి ఆపాల్సిన పని ఇరవై గజాల లోపు లేదు. మెల్లగా నడుస్తుంటే అలాగే ఆగనివ్వండి. నోటితో ‘మ్యా’ అన్నారంటే అది ఆగుతుంది గానీ బిగుసుకుంటుంది, వదిలిన చప్పుడుకు ఇంకా తొందరగా కుంగుతుంది.

దక్షిణ టెక్సాస్‌లో జింకల జతకాలం డిసెంబర్ రెండో సగంలో ముదురుతుంది. కొమ్ములు రెండు కొట్టి పోట్లాట చప్పుడు చేసి మగవాటిని పిలవడానికి ఈ ప్రాంతం పేరుమోసింది. విల్లుకు ఇది ఇద్దరుంటేనే పని చేస్తుంది, కొట్టేవాడు మీకు ముప్పై గజాలు వెనక ఉండాలి. ఒక్కరే కొట్టుకుంటే వచ్చిన జింక సూటిగా మీ కళ్లలోకే చూస్తుంది.

ఎక్కడ తగలాలి

పూర్తిగా అడ్డంగా నిలబడ్డప్పుడు, లేదా తల మీకు అవతలి వైపు తిప్పి ఏటవాలుగా ఉన్నప్పుడు మాత్రమే వేయండి. అడ్డంగా ఉన్నప్పుడు మీ వైపున్న ముందుకాలు ముందుకు వేసేదాకా ఆగి, కాలి వెనక గీత వెంట కింది మూడో వంతు చూడండి. ఏటవాలుగా ఉంటే అవతలి ముందుకాలి దగ్గర బాణం బయటికి రావాలని ఊహించి గురి పెట్టండి. మీకు ఎదురుగా గానీ, తోక మీ వైపు పెట్టి గానీ ఉంటే ఎంత పెద్ద కొమ్ములున్నా ఆగిపోండి. ముందున్న సన్నటి రెమ్మ కూడా బాణాన్ని పక్కకు తిప్పేస్తుంది, కంప అడవిలో ఎన్నో బాణాలను పాడు చేసేది అదే.

బాణం వదిలాక

జింక చివరిసారి కనపడ్డ పొదను గుర్తు పెట్టుకుని ఫోన్‌లో దిక్కు చూసుకోండి. కంపలో పొదలన్నీ ఒక్కలాగే ఉంటాయి, కిందికి దిగాక ఏది ఏదో తెలియదు. తర్వాత కనీసం అరగంట కదలొద్దు.

బాణం దొరికాక రక్తం చూడండి. ఎర్రగా, నురుగుతో ఉంటే ఊపిరితిత్తులు, దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మడ్డి, దుర్వాసన ఉంటే పొట్ట, ఎనిమిది గంటలైనా వదిలేయాలి. ఈ వేడిలో, కయోటీలు (తోడేలు జాతి జంతువులు) తిరిగే చోట అంతసేపు ఆగడం మనసుకు కష్టమే. కానీ తొందరపడి లేపితే ముళ్లలో దూరిపోయి అసలే దొరకదు. గాయపడ్డ జింకను వెతకడానికి శిక్షణ ఉన్న కుక్కలను రెండింటి దాకా వాడుకోవచ్చు. తూర్పు వైపు కొన్ని కౌంటీల్లో అది కుదరదు, ఇక్కడ ఇబ్బంది లేదు. అలాంటి కుక్కలున్నవాళ్ల ఫోన్ నంబరు సీజన్‌కు ముందే దగ్గర పెట్టుకోండి. నాగజెముడు ఆకుల మీద రక్తపు చుక్క బాగా కనపడుతుంది, చుక్క దొరికిన ప్రతిచోటా కాగితం ముక్క తగిలిస్తూ వెళ్లండి. కంచె దాటి పక్క భూమిలోకి పోతే ఆ యజమానిని అడగకుండా దాటకూడదు.

దొరికిన వెంటనే, కదిలించక ముందే లైసెన్సుతో వచ్చే ట్యాగ్ మీద నెల, తేదీ కోసి తగిలించాలి, లైసెన్సు వెనక లాగ్ నింపాలి. డిజిటల్ లైసెన్సు అయితే యాప్‌లో నమోదు చేయాలి.

మాంసం

అక్టోబర్‌లో ఇక్కడ మధ్యాహ్నం 30 డిగ్రీలు దాటడం మామూలే. పేగులు, మూత్రాశయం చిట్లకుండా తీసేసి, గంటలోపు లోపల ఐసు సంచులు పెట్టండి. క్యాంపులో తోలు వలిచి నాలుగు కాళ్లు, వెన్ను పట్టీలు విడదీయొచ్చు. కానీ ఇంటికి లేదా కసాయి దుకాణానికి చేరేదాకా లింగం రుజువు చేసే భాగం, మామూలుగా తల, ట్యాగ్‌తో పాటు ఉండాలి. సీడబ్ల్యూడీ (జింకలకు సోకే ప్రాణాంతకమైన మెదడు జబ్బు) కారణంగా కళేబరాన్ని తరలించడానికి మీ కౌంటీలో వేరే నియమాలుండొచ్చు, బయల్దేరే ముందే చూసుకోండి. కూలర్‌లో అడుగున ఐసు, పైన మాంసం, నీళ్లు పోయే బిరడా తీసి, బండిని ఆ వైపు కాస్త వాలుగా నిలపండి. మాంసం నీళ్లలో నానితే రుచి పోతుంది.

అడవి జింక మాంసం అమ్మడం నేరం, పంచుకోవడం మన ఇష్టం. ఎక్కువైతే హంటర్స్ ఫర్ ది హంగ్రీ కింద పేదలకు ఇచ్చే దుకాణాలున్నాయి. మాకు ఎప్పుడూ ఎక్కువ కాలేదు. దీనికి కొవ్వు లేదు కాబట్టి మేక మాంసంలా వండితే తోలులా బిగుస్తుంది. తొడ ముక్కలను పెరుగు, పచ్చి బొప్పాయి గుజ్జు, అల్లం వెల్లుల్లితో రాత్రంతా నానబెట్టి, నూనె మామూలు కంటే కాస్త ఎక్కువ వేసి, కుక్కర్‌లో ఆరు విజిళ్లు రానిచ్చి, తర్వాత మూత తీసి ఇగురు పెట్టాలి. వెన్ను పట్టీని మాత్రం కుక్కర్‌కు ఇవ్వకండి, పలుచగా కోసి మిరియాల వేపుడు చేయండి.